నోరు మూయించిన ఫట్‌ఫటీ

ఆ బండిని నేను కొనలేదు, కావాలని అడగలేదు, ఏనాడూ ఇష్టపడనూ లేదు. లింగంపల్లి స్టేషను పక్కన చిన్న దవాఖాన పెట్టుకున్న డాక్టరుగారికి అది సికింద్రాబాదులో, మిలిటరీ వాళ్లు వదిలించుకుంటున్న పాత సామానులో చవకగా దొరికింది. ఆయన దానిమీద ఒకే ఒక్కసారి కూర్చున్నారు. నడుము పట్టేసి రెండు రోజులు మంచం దిగలేదు. దాంతో అది ఆయన దగ్గర కాంపౌండరుగా ఉన్న నా మెడకు చుట్టుకుంది. ప్రతి బేస్తవారం మందుల సంచీ వెనక కట్టుకుని, గచ్చిబౌలి మీదుగా ఖాజాగూడ దాకా వెళ్లి, చలిజ్వరాలకు మందు పోసి రావడం నా పని.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఇంటికొచ్చేసరికి ఒళ్లు మాత్రం అరవై ఏళ్ల వాడిలా అయ్యేది. ఇప్పుడు ఆ దారిలో అద్దాల మేడలు లేచి, ఆఫీసు బస్సులు తిరుగుతున్నాయి గానీ, అప్పట్లో రెండు చక్రాల జాడ తప్ప రోడ్డనేదే లేదు. జాడ మధ్యలో రాళ్లు. బండి ఆ రాళ్లను ఒక్కటి కూడా వదలకుండా ఎక్కి దిగేది.

అది ఎక్కడో యుద్ధంలో తిరిగి వచ్చిన బండి అని అమ్మినవాడు చెప్పాడట. కాదనడానికి లేదు. సైలెన్సరును సగం తుప్పు తినేసింది, మిగిలిన సగంలో నా బొటనవేలు దూరే బెజ్జాలు మూడున్నాయి. స్టార్టు చేస్తే స్టేషను బయట జట్కా గుర్రాలు కట్టుగొయ్యలు పీక్కునేవి. ఊళ్లల్లో దాన్ని ఫట్‌ఫటీ అనేవారు. పేరు ముద్దుగానే ఉంది గానీ, ఆ చప్పుడు వింటే మాత్రం ఎవరికీ ముద్దు పుట్టేది కాదు.

పోలీసు యాక్షన్ అయిపోయిన మరుసటి ఏడు అది. అంతకుముందు రెండు మూడేళ్లుగా ఆ ఊళ్లకు మోటారు చప్పుడుతో వచ్చినవాళ్లెవరూ మేలు చేయడానికి రాలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. వేసుకున్న బట్టలు మారాయి, అడిగే ప్రశ్నలు మారలేదు. అందుకని, గచ్చిబౌలి దాటి నేను ఎత్తు ఎక్కుతుంటే బండి గింజుకుని ఫట్‌ఫట్‌మనేది, ఆ చప్పుడుకు ఖాజాగూడ జనం మేకల్ని తోలుకుని, పిల్లల్ని చంకనేసుకుని రాళ్లగుట్టల్లోకి పోయేవారు. ఆ ఎత్తు నుంచి చెరువుకట్ట దాకా, కాస్త నడుపుతూ కాస్త తోస్తూ, నాకు అరగంట పట్టేది. నేను చేరేసరికి ఊళ్లో పొయ్యిల మీద గటక ఉడుకుతూ ఉండేది, కోళ్లు తిరుగుతూ ఉండేవి, మనిషి ఉండేవాడు కాదు. కోళ్లకు మందు పోయలేక, కట్టమీద కూర్చుని బీడీ కాల్చుకుని తిరిగొచ్చేవాడిని.

ఒక్క మనిషి మాత్రం పారిపోయేది కాదు. నేను బండికి స్టాండు వేసేసరికి ఆమె కట్ట మీద ఉండేది. ముప్పై ఏళ్లుంటాయేమో, మేకలు కాచుకునే మనిషి. చంకలో నాలుగేళ్ల ఆడపిల్ల, చేతిలో కడిగిన ఆముదం సీసా. అప్పట్లో మందుకు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. అందులో కునైన్ కలిపిన నీళ్లు పోసి, గాట్లు కత్తిరించిన కాగితప్పట్టీ అంటించేవాడిని. ఒక్కో గాటు దాకా ఒక్కో పూట.

"అందరు ఉరుకుతుంటే నువ్వెందుకు ఉరకవు?" అని మొదటిసారే అడిగాను.

"దొంగలు గింత సప్పుడు జేసుకుంట వస్తరా సారూ?" అని నవ్వింది.

నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఆ ఏడాది నేను విన్న మాటల్లో తెలివైనది అదొక్కటే. పిల్ల ఒంటిని చలిజ్వరం పట్టుకుని వదలకుండా ఉంది, పొట్టలో బల్ల పెరిగి ఎడమ పక్కన గట్టిగా ఉబ్బింది. ఏడు వారాలు మధ్యలో ఆపకుండా మందు పడాలని డాక్టరుగారు గట్టిగా చెప్పి పంపారు. మూడు వారాలు పడేసరికి పిల్ల నా బండి అద్దంలో మొహం చూసుకుని నాలుక బయటపెట్టే దాకా వచ్చింది.

"ఇంక నాలుగు వారాలే. ఒక్కటి కూడా తప్పొద్దు," అన్నాను.

"నువ్వు తప్పకు, నేనెందుకు తప్పుత?" అంది ఆమె.

ఆ సాయంత్రమే డాక్టరుగారు నామీద మండిపడ్డారు. నింపి పంపిన మందు నింపినట్టే వెనక్కి రావడం ఆయనకు నచ్చలేదు. "ఊరు ఊరంత పారిపోతుంటే నువ్వు పోయేది దేనికయ్యా, గుట్టలు సూసి రానీకా? ముందుగాల దాని నోరు మూయించు," అన్నారు. తప్పు నాది కాదని చెప్పే ఓపిక లేక సరేనన్నాను.

లింగంపల్లిలో బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేసే ముసలి కమ్మరి ఒకాయన ఉండేవాడు. మోటారు సైకిల్ని ఆయన అంత దగ్గరగా చూడటం అదే మొదలు. అయినా దాని చుట్టూ ఒకసారి తిరిగి, గొట్టంలోకి ఊది, చెవి పెట్టి విన్నాడు. "పొగకు తొవ్వ ఇయ్యాలె, సప్పుడుకు ఇయ్యొద్దు. గంతే గద?" అన్నాడు. నాకు తెలిసిన ఇంజినీరింగు కూడా అంతే.

పాత సైలెన్సరు కోసి పారేసి, మోచేతి పొడవున్న ఇనుప డబ్బా గొట్టం ఒకటి చేశాడు. అందులో బిళ్లలు మూడు అడ్డంగా పెట్టి, ఒక్కో బిళ్లకు బెజ్జాలు కొట్టాడు. ఒకదాని బెజ్జానికి ఎదురుగా రెండోదాని బెజ్జం రాకూడదు. పొగ తిరిగి తిరిగి అలిసిపోయి బయటికి రావాలి అన్నాడు. ఆ అలసట నాకు బాగానే అర్థమైంది. తొలిసారి బెజ్జాలు మరీ చిన్నవి కొట్టాడు. పొగ బయటికి పోలేక ఇంజను వేడెక్కిపోయి, స్టేషను దాటకముందే బండి కూలబడింది. బిళ్లలు ఊడదీసి బెజ్జాలు పెద్దవి చేశాం. మళ్లీ బిగించాం, మళ్లీ ఊడదీశాం. మూడో రోజుకు కుదిరింది. బండి నెమ్మదించింది, ఎత్తు ఎక్కడానికి మునుపటికంటే మూలిగేది, కానీ ఆ మూలుగు పది బారల అవతలికి వినపడేది కాదు. జట్కా గుర్రాలు తలెత్తి కూడా చూడలేదు. నేను కమ్మరి చేతులు పట్టుకుని ఊపేశాను.

ఆ బేస్తవారం ఖాజాగూడలో నేను దిగేదాకా ఎవరికీ తెలియలేదు. ఒకాయన వేపపుల్ల నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పారిపోవడానికి టైము లేక ఆగినవాళ్లు, నా సంచీలో సీసాలు తప్ప ఏమీ లేవని చూసి దగ్గరికొచ్చారు. మరుసటి వారానికి సీసాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. నా చేతులు నొప్పిపుట్టేలా మందు పోశాను. డాక్టరుగారు మొదటిసారి నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

ఆ సందడిలో ఆమె రాలేదు. రాలేదని గమనించాను, కాదనను. కట్ట వైపు ఒకసారి చూసి, పిల్లకు నయమై ఉంటుందిలే అనుకున్నాను. మందుకు రానివాళ్లకు జబ్బు తగ్గిందనుకోవడం మా వృత్తిలో అందరికీ ఉన్న రోగం. ఇంకా నాలుగు వారాలని చెప్పింది నేనే. ఆమె ఇల్లెక్కడో అక్కడున్నవాళ్లను ఒక్క మాట అడిగితే చెప్పేవారు. అడగలేదు. మూడో వారం పెట్రోలు దొరక్క శనివారం వెళ్లాను. అప్పుడూ అడగలేదు.

నాలుగో వారం చెరువు దగ్గర మేకలకు నీళ్లు పెడుతూ కనిపించింది. చంక ఖాళీగా ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది.

"ఎప్పుడొచ్చినవ్ సారూ? బండి సప్పుడు ఇనొస్తలేదు?"

"చప్పుడు లేకుండా చేయించిన. పిల్ల ఎట్లుంది?"

ఆమె వంగి బండి కొత్త గొట్టాన్ని చూసింది. తర్వాత చెప్పింది. ఆమె ఉండేది ఊళ్లో కాదు. గుట్టల అవతల నాలుగు గుడిసెలున్నాయి, అందులో ఒకటి ఆమెది. బండి ఎత్తు ఎక్కుతూ ఫట్‌ఫట్‌మంటే ఆ చప్పుడు అక్కడిదాకా వినపడేది. వినగానే పిల్లను ఎత్తుకుని బయల్దేరితే, నేను స్టాండు వేసేసరికి కట్టకు చేరేది. ఊరు పారిపోయే చప్పుడుకే ఆమె నా దగ్గరికి నడిచి వచ్చేది.

"బేస్తవారం పొద్దుగాల్నుంచి గుడిసె ముంగటనే కూసున్న సారూ. సప్పుడు రాలే. ఒకసారి నేనే ఊర్లకొస్తే, నిన్ననే వచ్చిపోయిండు అన్నరు. మల్ల బేస్తవారం వచ్చి మాపటిదాంక కట్ట మీద కూసున్న, నువ్వు రాలే. మొన్న ఐతారం పిల్ల పోయింది."

నేను శనివారం వచ్చిన వారం అది; ఆ మర్నాడే ఆదివారం. ఆమె కొంగుముడి విప్పి ఆముదం సీసా తీసి నా చేతిలో పెట్టింది. కడిగి తెచ్చింది. కాగితప్పట్టీ ఇంకా అలాగే అంటుకుని ఉంది. ఏడవడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.

మరుసటి రోజు కమ్మరి దగ్గరికి పోయాను. ఆ గుడిసెల్లో ఇంకా పిల్లలున్నారు, వాళ్లకూ చప్పుడు వినపడాలి. ఊళ్లోవాళ్లకు ఇప్పుడు బండి నాదని తెలుసు, ఎత్తు మీద కాసేపు మోగినా పారిపోరు; ఊరు దగ్గరయ్యాక మాత్రం మోగకూడదు. సైలెన్సరుకు ముందే గొట్టానికి ఒక మూత పెట్టి, తీగ లాగితే తెరుచుకునేలా చేయమన్నాను.

"గంత కష్టపడి మూసిన నోరు మల్ల తెరువుమంటవేంది?" అని విసుక్కున్నాడు. విషయం చెప్పాను. ఇంక మాట్లాడకుండా చేసి ఇచ్చాడు.

ఆ బేస్తవారం ఎత్తు మీద తీగ లాగాను. పాత ఫట్‌ఫట్ గుట్టలకు తగిలి తిరిగొచ్చింది. దిగువకు రాగానే మూత వేసేశాను. నేను కట్ట చేరేసరికి గుడిసెల నుంచి ఇద్దరు ఆడవాళ్లు పిల్లలతో వచ్చి ఉన్నారు. వాళ్ల వెనక ఆమె ఉంది. రొప్పుతోంది.

"సారూ, నీకు దండం పెడుత. ఆ సప్పుడు జెయ్యకు," అంది. "ఇనంగనే లేస్తున్న. పిల్లనెత్తుకుందామని వంగుతున్న. వంగినంక యాదికొస్తుంది."

అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, కాలుతున్న గొట్టానికి మూత బిగించి, తీగను నాలుగు చుట్లు చుట్టి ముడేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. వాటిని చూసి ఆమె, పక్కనున్న మనిషి చెంబు తీసుకుని నా వేళ్ల మీద నీళ్లు పోసింది.

తర్వాతి వారం ఊళ్లో మందు పోయడం అయ్యాక, బండిని కట్ట దగ్గర వదిలేసి, సంచీ భుజాన వేసుకుని గుట్టల అవతలికి నడిచాను. బండి నోరు మూయించడానికి, తెరవడానికి అన్ని రోజులు పడ్డానే గానీ, రెండు కాళ్లున్నాయన్న సంగతి నాకు తోచనే లేదు. రాళ్ల మధ్య దారి ఎక్కుతూ దిగుతూ పోయింది. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. ఆమె గుడిసె ముందే కూర్చుని ఉంది, నన్ను చూసి లేచి మంచినీళ్లు ఇచ్చింది.

"ఇంత దూరమా?" అన్నాను, ఊపిరి తీసుకుంటూ.

"గిదేం దూరం సారూ? పిల్ల సంకలుంటే ఇంక జర దూరమయ్యేది," అంది.

నీళ్లు తాగి, మిగతా మూడు గుడిసెల వాళ్లను సీసాలు తెమ్మన్నాను.