ముందొచ్చిన కాళ్ళు

ఇబ్రహీంపట్నంలో మా వాడకట్టున ఎవరికైనా నడుము పట్టేస్తే డాక్టరు కంటే ముందు మా ఇంటికి వచ్చేవాళ్ళు. నేను కాళ్ళు ముందుగా పుట్టాను. అలా పుట్టినవాళ్ళు పొద్దున్నే ముఖం కడగకముందు మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం. నాట్ల రోజుల్లో ఆడవాళ్ళు మా వాకిట్లో వరుసగా బోర్లా పడుకునేవారు. నేను నిద్రమత్తులో వాళ్ళ నడుముల మీద నడిచేదాన్ని. "నీ కాళ్ళు సల్లగుండ బిడ్డా" అంటూ వాళ్ళు చేతిలో బెల్లం ముక్క పెట్టేవారు.

కాళ్ళు బయటికి వచ్చాక నా తల ఇరుక్కుందనీ, నన్ను లాగాక నెత్తురు ఆగక అమ్మ చనిపోయిందనీ ఆ వాకిట్లో ఎవరూ అనలేదు. పదేళ్ళప్పుడు బడిలో ఒక పిల్ల నోరు జారితే తెలిసింది. ఇక ఎవరినీ తొక్కనని మొండికేశాను. నన్ను పెంచిన అమ్మమ్మ వచ్చినవాళ్ళను గుమ్మం దగ్గరే తిప్పి పంపింది.

పెళ్ళయ్యాక మొదటి కాన్పుకు అమ్మమ్మ దగ్గరికే వచ్చాను. ఎనిమిదో నెల నిండాక స్కానింగులో బిడ్డ కూర్చుని ఉంది, కాళ్ళు కిందికి ఉన్నాయన్నారు. ఇంకా తిరగొచ్చు, తిరగకపోతే ఆపరేషన్ చేద్దాం, భయమేం లేదంది డాక్టరమ్మ. ఆవిడకు లేదు మరి.

రోజూ రెండుసార్లు మోకాళ్ళూ మోచేతులూ ఆనించి, నడుము పైకెత్తి, తల కిందికి వంచి ఉండమన్నారు. ఉన్నాను. బిడ్డ తిరగలేదు. తన్నినప్పుడల్లా పొత్తికడుపు అడుగున తగిలేది. అమ్మ ముఖం నేనెరగను, ఒక్క ఫోటో కూడా లేదు. ఆమెకు నేనెక్కడ తగిలి ఉంటానో మాత్రం ఇప్పుడు తెలిసింది. స్టవ్ దగ్గరో, బట్టలారేసే దండెం దగ్గరో ఎవరో కడుపు పట్టుకుని వంగినట్టు అనిపించేది. ఎవరూ ఉండరని తెలుసు, అయినా తిరిగి చూసేదాన్ని.

పక్క మార్చాలంటే లేచి కూర్చుని తిరగమనేది అమ్మమ్మ, లేకపోతే బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందట. ఒక మధ్యాహ్నం విసుగొచ్చి అడిగాను, "మా అమ్మ గూడ లేచే తిరిగిందా?"

"అవ్. నేనే లేపేదాన్ని." వచ్చి నా మంచం అంచున కూర్చుంది. "మంత్రసాని చెయ్యి పెట్టి చూసి ముందే చెప్పింది బిడ్డా, కాళ్ళు కిందికున్నయని. మీ బాపు దవాఖానకు తీస్కపోదమన్నడు. నేనే వద్దన్న. కోసి తీస్తే కాళ్ళకు ఆ గుణం రాదన్నరు. కాళ్ళతోని పుట్టిన పిల్ల ఇంట్ల ఉంటే మస్తు మంచిదనుకున్న."

అమ్మను చంపింది నేనేనని ఇరవై ఏళ్ళు మోశాను. ఆ బరువు దిగినందుకు సంతోషం రాలేదు, కోపమొచ్చింది. లోపలికి పోయి తలుపేసుకున్నాను. కాన్పు దాకా ఆమెతో మాట్లాడలేదు.

బిడ్డ చివరిదాకా తిరగలేదు. ఆపరేషన్ చేసి, కాళ్ళు పట్టి బయటికి తీశారు. ఆడపిల్ల. ఇద్దరం బతికాం. ఇంటికొచ్చాక కూడా బిడ్డను అమ్మమ్మకు ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు, గడప అవతల కూర్చుని బిడ్డ గుడ్డలు మడతపెట్టేది.

మూడో వారంలో పక్కింటి ముసలామె చూడ్డానికి వచ్చింది. గుడ్డ తొలగించి బిడ్డ పాదాలు పట్టుకుంది.

"తల్లి లెక్కనే కాళ్ళతోని అచ్చిందట గద? కోసి తీస్తే ఏమాయె, కాళ్ళే గద ముందు. జర పెద్దగైనంక నా నడుము తొక్కిపియ్యాలె."

గడప అవతలి నుంచి అమ్మమ్మ అంది, "నీకెవలు చెప్పిన్రు? తలకాయనే ముందొచ్చింది."

ముసలామె చప్పున పాదాలు వదిలేసి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయింది. అమ్మమ్మ మళ్ళీ గుడ్డలు మడతపెడుతోంది. ఆమెను క్షమించానో లేదో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం లేచి వెళ్ళి బిడ్డను ఆమె ఒడిలో పెట్టాను.