రెండో డిస్కులో వినపడిన మాట

దయ్యాలను నేను నమ్మను. ఇలాంటి అనుభవం రాసే ప్రతివాళ్ళూ ముందు ఈ మాటే అంటారని తెలుసు. వాళ్ళ సంగతేమో గానీ, నాకు దయ్యాలంటే భయం లేదు, ఒళ్ళుమంట మాత్రం ఉంది. దానికి కారణం చెబుతాను.

మా నాన్న దయ్యం సినిమా చూస్తూ చనిపోయాడు.

అప్పుడు నాకు మూడేళ్ళు. నాన్నది నందిగామ. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసేవాడు. అమ్మది జగ్గయ్యపేట కాబట్టి పెళ్ళయ్యాక అక్కడే అద్దెకు ఉన్నారు. ఆ ఊరిని చుట్టుపక్కల అందరూ పేట అనే అంటారు. నాన్న అమ్మను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదట. 'పేటా' అనేవాడు.

చనిపోవడానికి కొన్ని నెలల ముందు నుంచే ఆయనకు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. సిమెంటు దుమ్మని కొట్టిపారేశాడు. డాక్టరు గుండె ఆగిందన్నాడు. డాక్టరు మాట ఎవరికీ రుచించలేదు. నాన్న పక్క కుర్చీలో కూర్చున్న ఫ్యాక్టరీ స్నేహితుడు వెంకటేశ్వర్లు, తెర మీద దయ్యం కనపడగానే నాన్న కేక వేసి ఒరిగిపోయాడని చెప్పాడు. ఊరికి ఆ కేక నచ్చింది.

మర్నాడు నాన్నను ఇంకా ఇంటి ముందు నుంచి ఎత్తలేదు. సినిమా హాలు వాళ్ళ రిక్షా మైకు కట్టుకుని మా వీధిలోకి వచ్చింది. నిన్న మన హాల్లోనే ఒకరి గుండె ఆపేసిన చిత్రం, ధైర్యం ఉన్నవారే రండి, అని చెప్పుకుంటూ మా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. రిక్షావాడికి అది మా ఇల్లని తెలియకపోయి ఉండొచ్చు. ఆ మాటలు రాసిచ్చినవాడికి తెలుసు. ఆ మైకు పుణ్యమా అని ఆ వారం హాలు నిండింది.

ఆ తర్వాత బడిలో నేను 'దయ్యం గాడి కొడుకు'ని. అమ్మ నీళ్ళ పంపు దగ్గర 'జడుసుకుని పోయినాయన భార్య'. నాన్న పదహారు అడుగుల నిచ్చెన మీద నిలబడి బేరింగులు మార్చిన మనిషి. ఆయన గురించి ఊరికి గుర్తున్నది ఒక్కటే, పిరికివాడని.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. రెండువేల మూడు, నాలుగు ప్రాంతంలో పేటలోనే టీవీలు, వీసీడీ ప్లేయర్లు రిపేరు చేసే షాపులో పని చేస్తున్నాను. అప్పుడు పాత సినిమాలన్నీ వీసీడీలుగా వస్తున్నాయి. ఒకరోజు బస్టాండు దగ్గర కొట్లో ఆ సినిమా కనపడింది. అట్ట మీద ఎర్రక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'జగ్గయ్యపేటలో ప్రేక్షకుడి ప్రాణం తీసిన చిత్రం.'

కొట్టువాడితో గొడవ పడ్డాను. తర్వాత డిస్కులు కొన్నాను. రెండింటికీ కారణం కోపమే.

అట్ట మీది అడ్రసు పట్టుకుని విజయవాడ వెళ్ళాను. ఆ కంపెనీ ఆయన నన్ను కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ తెప్పించాడు. ఆ వాక్యం తీసేయమన్నాను. "మీ నాన్నగారి పేరు వెయ్యలేదు కదండీ" అన్నాడు. ఊరి పేరైనా తీయమన్నాను. "ఆ ఊరి పేరు వల్లే అమ్ముడుపోతున్నాయండీ ఇవి" అన్నాడు, చాలా మర్యాదగా. కూల్‌డ్రింక్ అక్కడే వదిలేసి వచ్చాను.

ఇక నేను చేయగలిగింది ఒక్కటే అనిపించింది. ఆ సినిమా మొత్తం చూసి, గట్టి మనిషిని చంపేంత భయం అందులో లేదని కనీసం నేను తెలుసుకోవాలి. ఆదివారం పొద్దున, అమ్మ వంటింట్లో పప్పు తాలింపు వేస్తుండగా, ముందు గదిలో ప్లేయర్ పెట్టాను. అమ్మ వద్దనలేదు, ఇవతలికి రానూ లేదు. నాన్న పోయాక ఆమె సినిమా అన్నది చూడలేదు.

మొదటి డిస్కు నవ్వొచ్చేలా ఉంది. గబ్బిలాలకు కట్టిన దారాలు కనపడుతున్నాయి. రెండో డిస్కులో, ఊరు చెప్పుకునే ఆ చోటు వచ్చింది. పాడుబడిన మంటపం. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. తెర మీద మనిషి లేడు. గాలి శబ్దం, తలుపు కిర్రుమనడం, తర్వాత తెల్లచీర. అప్పుడు ఒక మగమనిషి నవ్వు వినపడింది. పిశాచం నవ్వు కాదు. ఎదుటివాళ్ళు అందరూ జడుసుకుంటుంటే చూసి ఆపుకోలేక నవ్వే నవ్వు. నవ్వు మధ్యలో ఊపిరి తెగింది. ఆ తర్వాత మెల్లగా రెండు మాటలు. 'వస్తా బేటా' అన్నట్టు వినపడింది. డబ్బింగులో ఏదో కలిసిందనుకున్నాను.

వెనక గరిటె కింద పడింది. అమ్మ గుమ్మంలో ఉంది.

"మళ్ళీ వెయ్యి" అంది.

వేశాను. ఆమె తలుపు చెక్క పట్టుకుని విన్నది.

"బేటా కాదు. పేటా."

ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి అమ్మ అప్పుడు చెప్పింది. నాన్న డ్యూటీకి వెళ్తూ ఆమెను ఉడికించడానికి 'పోతన్నానే పేటా' అనేవాడట. పోతున్నా అనకూడదని ఆమె రోజూ గుమ్మం దగ్గరే ఆపి, 'వస్తా' అనిపించి గానీ వదిలేది కాదు. ఆ రోజు సినిమా హాల్లో ఆడవాళ్ళ వైపు వేరు, మగవాళ్ళ వైపు వేరు. విడిపోయే చోట ఆయన అలవాటుగా 'పోతన్నానే పేటా' అన్నాడు. నేను ఏడుస్తున్నాను, వెనక జనం తోస్తున్నారు. ఆమె ఆపి చెప్పించలేకపోయింది. ఊరు దయ్యాన్ని తప్పు పట్టినన్నాళ్ళూ మా అమ్మ తనను తాను తప్పు పట్టుకుంది.

ఆమెకు ఊరట కలిగిందేమో అని చూశాను. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ అది ఏడుపు కాదు.

"ఇప్పుడా చెప్పేది" అంది టీవీ వైపు చూసి. లోపలికి వెళ్ళి మాడిన పప్పు పారబోసింది.

నేను ఊరుకోలేదు. నా చదువుకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. అదే డిస్కు షాపులో మరో ప్లేయర్‌లో వేశాను, ఉంది. నందిగామలో మరో సెట్ కొన్నాను, అందులోనూ ఉంది. అంటే లోపం నా డిస్కుది కాదు, తయారైన చోటే ఆ శబ్దం ఉంది. నందిగామలోనే మూతపడిన వీడియో లైబ్రరీ ఆయన దగ్గర అదే సినిమా పాత క్యాసెట్టు దొరికింది. అందులో ఆ సీన్లో గాలి ఉంది, తలుపు ఉంది, నవ్వు లేదు. విజయవాడకు ఫోను చేస్తే, గోడౌన్లో పడి ఉన్న ఒక పాత ప్రింటు నుంచి ఎక్కించామని, అది ఏయే ఊళ్ళలో ఆడిందో తమకు తెలియదని చెప్పారు.

పేటలో ఆడిన ప్రింటే అనుకుందాం. అయినా కుదరదు. ఫిల్ము అంచున సన్నటి గీతలుగా శబ్దం ఉంటుంది. ప్రొజెక్టరు దాన్ని చదువుతుంది, రాయలేదు. హాల్లో ఎవరు నవ్వినా, ఎవరు చచ్చినా ఫిల్ము మీద పడదు.

మా మామయ్యకు వినిపిస్తే రెండుసార్లు విని, "ఒరే అల్లుడూ, ఎవడో తురకం మాట్లాడాడు. అది బేటానే. మీ అమ్మకు లేనిపోని ఆశ పెట్టమాక" అన్నాడు. ఆయన చెవి తప్పని నేను నిరూపించలేను. అంత నాసి రికార్డింగులో ప, బ తేడా తేల్చడం కష్టం.

చివరికి ప్లేయర్ సంచిలో పెట్టుకుని ముక్త్యాల వెళ్ళాను. వెంకటేశ్వర్లు రిటైరై అక్కడే ఉంటున్నాడు. ఆయన్ని తిట్టాలని చిన్నప్పటి నుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. ముందుగా ఏమీ చెప్పకుండా, ఆ సీన్‌కు చాలా ముందు నుంచి వేశాను. నవ్వు వచ్చేసరికి ఆయన పక్కకు తిరిగాడు. టీవీ వైపు కాదు, తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ వైపు.

"అది కేక కాదబ్బాయ్, నవ్వు" అన్నాడు. "హాలంతా అరుస్తుంటే నేను కేకనుకున్నా." తర్వాత అడిగాడు, "హాల్లో ఇది ఎవరు రికార్డు చేశారు?"

ఆ రెండు మాటలు అప్పుడు విన్నారా అంటే లేదన్నాడు. నవ్వు వరకే తెలుసట.

కేకో నవ్వో తేల్చుకోకుండా ఒక మనిషిని ఊరంతటికీ పిరికివాణ్ణి చేశారని గట్టిగానే అన్నాను. ఆయన మర్నాడు పేట వచ్చి, బజారులో మామయ్య కొట్టు అరుగు మీద కూర్చుని, తాను విన్నది నవ్వని పదిమందికి చెప్పాడు. విన్నవాళ్ళు తలూపి, సరుకులు కట్టించుకుని వెళ్ళారు. నవ్వుతూ పోయిన మనిషి కథ ఎవరికీ అక్కర్లేదు.

ఆ తర్వాత కూడా నేను ఆ ముక్కను వేసి వేసి వింటూ ఉండేవాణ్ణి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, వేగం తగ్గించి, ప అని తేలుతుందేమోనని. ఒక మధ్యాహ్నం అమ్మ వచ్చి హెడ్‌ఫోన్లు తీసేసింది.

"ఒకసారి చెప్పాడుగా, చాలు. ఊరికే చెప్పించబాకరా. అసలే ఆయాసం మనిషి."

డిస్కు బీరువాలో పెట్టేశాను. మళ్ళీ తీయలేదు.

ఆ నవ్వూ ఆ రెండు మాటలూ దాంట్లోకి ఎలా చేరాయో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్ళను అడిగాను, ఎవరి జవాబూ నిలబడలేదు. అట్ట మీది వాక్యం ఎలా చేరిందో మాత్రం నాకు బాగా తెలుసు. తర్వాతి ఏడాది బస్టాండు కొట్లో చూశాను, కొత్త అట్ట వేశారు. అక్షరాలు ఇంకా పెద్దవి చేశారు.