ఆయుధ పూజనాడు ఆగని టైమర్

మిల్లులో పనిచేసే ఒకామె ఫోను చేసింది. "అక్కా, ఈపొద్దు లీవుదానే? షిఫ్టుకు రమ్మని మెసేజ్ వచ్చుండాదే! పోదనూరులో బస్సెక్కేసినాము."

ఆ రోజు ఆయుధ పూజ. మా అత్తవారి స్పిన్నింగ్ మిల్లులో మిషన్లన్నీ ఆపి, తుడిచి, గంధం పెట్టాం. షిఫ్టు పిలుపులు పంపే జావా అప్లికేషన్‌ను నేనే ఆపాను. ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్‌ను కూడా పూజలో పెట్టాను.

అప్లికేషన్ ఆగినా దాన్ని నడిపే సర్వర్ ఆగదు. అందుకే అప్లికేషన్ పోయేముందు తను మొదలుపెట్టిన, వేళకు పిలుపులు పంపే టైమర్‌ను రద్దు చేయాలి, డేటాబేస్ కనెక్షన్లు మూయాలి. రాసిచ్చిన కంపెనీ ఆ రెండూ చేయలేదు. ఆపిన ప్రతిసారీ, ఆ టైమర్ థ్రెడ్ వెనకాల ఇంకా నడుస్తోందని లాగ్‌లో హెచ్చరిక వచ్చేది. మామగారికి చూపిస్తే, "సర్వర్నే ఒకతూరి ఆపి పెడితే సరిపోతుంది, విడమ్మా" అనేవారు. ఈసారి గేటు దగ్గర రాకపోకలు రాసే అప్లికేషన్ కూడా అందులోనే ఉందని, సర్వర్‌ను ఆపనివ్వనిది కూడా ఆయనే.

టైమర్ ఇంకాసేపట్లో మధ్యాహ్నం షిఫ్టువాళ్ళనూ పిలుస్తుంది. నేను ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేశాను.

"అయ్యయ్యో, పూజలో పెట్టింది ముట్టగూడదుమా! రేపుదా తీసేది" అంది అత్త.

"వస్తే రానీ. బొరుగులు, శనగలు తిని పోతారు" అన్నారు మామ.

"అంత దూరం కినత్తుకడవు నుంచి, పిలకాయల్ని వదిలిపెట్టి, బొరుగులకా వస్తారు మామా?"

పూజ చెడితే నా పిల్లలకేమైనా అవుతుందేమోనన్న భయం ఉంది. అయినా ల్యాప్‌టాప్ మీది గంధం బొట్టు చెరుపుతూ మూత తెరిచి, మొత్తం సర్వర్‌ను ఆపేశాను. బస్సులో ఉన్నామెకు ఫోను చేసి, సెలవేనని చెప్పాను.

"ముందే చెప్పుంటే ఇంకొంచెంసేపు పండుకోనుంటా గదక్కా!" అని నవ్వింది.

"ఇంక ఎప్పుడూ ఇట్లే ఆపితే పోయె" అన్నారు మామ.

"చాలదు మామా. ఆపేటప్పుడు టైమర్‌ను రద్దుచేసే కోడ్ నేను రాస్తాను. అది రాసేదాకా ఈ పిలుపుల అప్లికేషన్‌ను మళ్ళీ సర్వర్‌లో ఎక్కించను. పిలుపులు ఫోన్లోనే చెప్పుకోండి."

అత్త రోజంతా నన్ను తిడుతూనే ఉంది.

మరునాడు పొద్దున, పూజలోంచి పుస్తకాలు తీసుకుంటూ పిల్లలు అడిగారు: "అవ్వ తిట్టిందా అమ్మా?"

"తిట్టింది. మళ్ళీ ఎవరి సెలవైనా పోతుందంటే, పూజలో ఉన్నా ముడతాను. పోయి అవ్వకు చెప్పండి" అన్నాను.