బావ మెడలోని బైనాక్యులర్

మా అక్క భర్త పోర్టులో క్రేన్ నడిపేవాడు. నేను స్టీల్ ప్లాంటులో పనిచేస్తాను. పదిహేనేళ్ళపాటు ఆదివారం పొద్దున్నే మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు గట్టుకి పిట్టల్ని చూడ్డానికి కలిసే వెళ్ళాం. బావ మెడలో ఓడల మీద వాడే నల్లటి బైనాక్యులర్ ఉండేది. వన్ టౌన్లో ఓడ సామాన్లు అమ్మే సాయిబు గారి కొట్లో కొన్నాడు. కిలో పైనే బరువు. పట్టీ మెడ కోస్తోందని, పాత స్కూలు బ్యాగు పట్టీ తెచ్చి దానికి కుట్టించుకున్నాడు.

మొదట్లో అక్కడికి పిట్టల్ని చూడ్డానికొచ్చే మా గుంపులో అందరివీ అలాంటి వెడల్పాటి బరువు బైనాక్యులర్లే. తర్వాత తిన్నని గొట్టాల్లా ఉండేవి వచ్చాయి. బరువు సగమే, వానలో తడిసినా ఏమీ కాదు. చాలామంది పదిరెట్లు పెద్దగా చూపించేవి కొన్నారు. చెయ్యి వణికితే పిట్టా వణుకుతోందని మళ్ళీ ఎనిమిది రెట్లకి దిగారు. నేనూ అదే కొన్నాను. ఈమధ్య కొత్తగా వచ్చేవాళ్ళు కొందరు బైనాక్యులరే తేరు. పొడుగు లెన్సు కెమెరాతో ఫొటో తీసుకుని, పిట్టని ఇంటికెళ్ళి చూస్తారు. బావ మాత్రం మార్చలేదు. పూర్తిగా తెల్లారకముందు తనదాన్లోనే బాగా కనిపిస్తుందనేవాడు. అది నిజమే.

పోయిన వానాకాలంలో బావ డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. ఆస్పత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాను. షామియానా మాట్లాడాను. వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించాను. ఏడుపు రాలేదు. పెద్దకర్మ అయ్యాక కూడా రాలేదు. ఆదివారాలు మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తూ ఉండేవాణ్ణి.

రెండు నెలలు గడిచాక ఒక శనివారం అక్క ఆ బైనాక్యులర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

“మీ బావ ఇన్నేళ్ళు ఏటి సూసేవోడో నానూ ఓసారి సూత్తాను. తీసుకెళ్ళు,” అంది.

మర్నాడు వెళ్ళాం. నీళ్ళ మధ్య మోడు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అక్క కళ్ళజోడు తియ్యకుండానే బావ బైనాక్యులర్ ఎత్తింది. ఎంత వెతికినా చిన్న వెలుతురు చుక్కే కనబడిందట. కళ్ళజోడు తీసి చూడమన్నాను. ఆ బరువుకి చేతులు నిలవలేదు. నాది ఇచ్చాను. కొత్తవి కళ్ళజోడు ఉన్నవాళ్ళకీ పనికొచ్చేలా చేస్తున్నారు. కంటి దగ్గరుండే రబ్బరు కప్పుని లోపలికి తిప్పితే చాలు.

ఈసారి చాలాసేపు దించలేదు.

“దీన్లో కనబడతంది,” అంది. తర్వాత అలా చూస్తూనే అడిగింది. “నీకేటీ అనిపించడం నేదేట్రా?”

“నేదక్కా.”

“నాకూ అంతే. జనం ఏటనుకుంతారోనని ఏడిసినాను.”

దాని గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆ నల్లపిట్ట పేరేంటని అడిగింది, చెప్పాను.

తర్వాత అక్క తేలికైనది ఒకటి కొనిపించుకుంది. ఇప్పుడు వారం వారం వస్తుంది. కొంగల్లో తేడాలు నాకంటే త్వరగా పట్టేస్తుంది. బావది మా బీరువాలో ఉంది. పోయిన ఆదివారం తిరిగొస్తూ రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. చట్నీ బావుందని అక్క మళ్ళీ వేయించుకుంది. నేనూ తిన్నాను. బావుందో లేదో నాకు తెలియలేదు.