వేటకి వచ్చిన దొర

పోలవరం నుంచి రాజమండ్రి వచ్చే పడవలో నా ఎదుట ఒక తెల్లదొర కూర్చున్నాడు. పులివేటకి వచ్చాడనీ, తెలుగు ముక్క రాదనీ ఆయన దుబాసీ మాకు చెప్పాడు. ఆ రోజుల్లో మన్యంలో, కొండ ఊళ్ల మీద పెత్తనం చేసే ఇద్దరు ముఠాదార్లు ఊళ్ల కోసం కొట్టుకుంటున్నారు. ఆ తగువుతో తమకేమీ సంబంధం లేదని దొరతనంవారు చాటించారు.

పట్టిసీమ రేవులో ఒక కొండరెడ్డి స్త్రీ పడవెక్కింది. దొరను చూస్తూనే తిన్నగా వెళ్లి, ఆయన టోపీ లాగి గోదాట్లోకి విసిరేసింది. దుబాసీ చెయ్యెత్తితే నేను అడ్డుపడ్డాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"ఈడేనండి! పంచె కట్టి, తలపాగా చుట్టి, ముఠాదారు మనుషుల్ని మా ఊరి మీదకి తోలుకొచ్చాడు. నా మొగుడు చేతులు జోడించినా 'కాల్చండిరా' అన్నాడు. తెలుగులోనే అన్నాడండి!"

దుబాసీ నోరు విప్పేలోపే దొర లేచి, "అబద్ధం!" అని అరిచాడు.

ఆ మాట పడవలో అందరం విన్నాం. అయినా రాజమండ్రిలో దిగగానే, దొర మీద చెయ్యి చేసుకుందని జవాన్లు ఆమెనే రెక్క పట్టి లాక్కుపోయారు. విన్నది చెప్పబోతే, "మీకెందుకండి, ఇంటికెళ్లండి" అన్నారు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఆ కోపం ఇంకా చల్లారలేదు.