గింజలున్న రోస్టు

ప్లమ్ పళ్ళ గురించి హిరోనిమ్‌కి తెలియనిది లేదని లిమనోవా చుట్టుపక్కల కొండల్లో అందరూ ఒప్పుకుంటారు. తాత కట్టిన పొగ కొట్టంలో ఏటా పళ్ళు పరిచి, కింద కట్టెలు రాజేసి, రోజుల తరబడి పొగలో ఎండబెడతాడు. పండు వేళ్ళతో నొక్కి చూస్తే చాలు, ఇంకెంతసేపు ఉంచాలో చెప్పేస్తాడు. ఆ పండు కొట్టం దాటి వంటింట్లోకి వెళ్ళాక ఏమవుతుందో మాత్రం పెళ్ళైనప్పటి నుంచీ ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. వంటిల్లు భార్య బ్రోన్యా రాజ్యం. ఆయన పని కూర్చుని తినడం. ఆ పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు.

ఆ ఏడు బ్రోన్యా మోకాళ్ళ వైద్యానికి ఉప్పునీటి స్నానాల ఊరికి వెళ్ళింది. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తే సర్కారువాళ్ళు ఇచ్చిన వంతు అది. మధ్యలో వచ్చేస్తే మళ్ళీ వరస చివరికి పోవాలి. వెళ్ళడమైతే వెళ్ళింది గానీ ఆవిడ మనసంతా ఇక్కడే ఉంది. సెప్టెంబరు ఆఖర్న హిరోనిమ్ పేరు పండుగ, అంటే ఆయన పేరుగల పునీతుడి రోజు మరి! పేరు పండుగకి ఎవర్నీ పిలవరు, అలాగని ఎవరూ రాకుండా ఉండరు. ప్లమ్ పళ్ళు కూరి కాల్చిన పంది మాంసం పెట్టకపోతే ఆ ఇంటి పరువేం కాను?

"ఒక్క మాట చెప్పు, రైలెక్కేస్తా," అంది ఫోన్లో.

"కదిలావంటే ఊరుకోను. మెట్లెక్కలేక ఏడ్చింది మర్చిపోయావా? నేను చేస్తాలే."

ఈ సంగతి తెలిసి పక్కింట్లో ఉండే బ్రోన్యా అక్క క్లోతిల్దా పగలబడి నవ్వింది.

"నువ్వా? గుడ్డు ఉడకబెట్టమంటే గిన్నె మాడ్చావు! చూడు మరిదీ, ఏమాత్రం తేడా వచ్చినా నేనే ఫోన్ చేసి దాన్ని రప్పిస్తా. నలుగురిలో మా చెల్లి పరువు తీస్తే ఒప్పుకోను."

"నీకంత శ్రమెందుకు వదినా? వచ్చి తిను, చాలు."

"అదక్కడ సాయంత్రాలు డాన్సులకి వెళ్తోందట, తెలుసా? ఎవరో మీసాలాయనతో."

"మోకాళ్ళ నొప్పితో డాన్సేమిటి?"

"నొప్పి నీ దగ్గరుంటేనేమో!"

ఆ మాట ఆయనకు బాగానే గుచ్చుకుంది. ఆ కసితోనే పండుగ పొద్దున వంటింట్లో దిగాడు. ఎముక లేని వెన్ను మాంసానికి ఉప్పు, వెల్లుల్లి పట్టించి, ఎండిన మార్జొరం ఆకు చేత్తో నలిపి చల్లాడు. చెక్క గరిటె కాడతో మాంసం మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరికి సొరంగం తొలిచాడు. తన కొట్టంలోని పళ్ళలో నిగనిగలాడే వాటిని ఏరి అందులో కూరాడు. ఓవెన్లోంచి పొగ వాసన, వెల్లుల్లి వాసన కలిసి వస్తుంటే, ఇంతోటి దానికా ఈ ఆడవాళ్ళ హడావిడంతా అనుకున్నాడు.

సాయంత్రానికి ఇల్లు నిండింది. హిరోనిమ్ మాంసం తెచ్చి బల్ల మధ్యలో పెట్టి, పెళ్ళికొడుకులా నిలబడి కత్తి దించాడు. టక్‌మని ఆగింది. కాస్త పక్కన కోశాడు. టక్.

"ఎముక లేదన్నావు కదయ్యా?" అన్నాడు ఎదురింటి గెర్వాజీ.

క్లోతిల్దా కత్తి లాక్కుని మాంసం విప్పి చూసింది. "ఓరి దేవుడా! గింజలు తీయలేదూ?"

"తీస్తారా?" అన్నాడు హిరోనిమ్.

ప్లమ్ పళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి అడిగిన ప్రశ్న ఇది! ఇన్నేళ్ళూ తన ముక్కలో గింజ ఎందుకు తగల్లేదో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. బ్రోన్యా ఒక్కో పండూ చీల్చి, ఒక్కో గింజా తీసి పెట్టేదన్నమాట. హిరోనిమ్‌కి నిజంగా సిగ్గేసింది.

చేసేది లేక ఫోర్కులతో పీక్కుని తిన్నారు. రుచికి మాత్రం పేరు పెట్టడానికి లేదు. అందరూ బుగ్గల్లో గింజలు దొర్లిస్తూ తింటుండగా ఫోన్ మోగింది. తడబాటులో హిరోనిమ్ స్పీకర్ నొక్కాడు.

"గింజలు తీశావా? చెప్పడమే మర్చిపోయా. తీయకపోతే చెప్పు, పొద్దున్నే బయల్దేరి వచ్చి, మళ్ళీ చేసి అందరికీ పెడతా."

హిరోనిమ్ బిక్కచచ్చిపోయి క్లోతిల్దా వైపు చూశాడు. ఆవిడ ఫోన్ దగ్గరికి వంగింది.

"ఒక్క గింజ లేదే! హాయిగా స్నానాలు చేసుకో."

"నోట్లో ఏమిటక్కా అది?"

"మాంసం! ఇంకేముంటుంది?"

"అయితే నేను లేకపోయినా అక్కడ ఏ లోటూ లేదన్నమాట," అంది బ్రోన్యా. ఆవిడ గొంతు చిన్నబోయింది.

అందరూ హిరోనిమ్ వైపు చూశారు. ఆయన బుగ్గలోనూ ఒక గింజ ఉంది. ఉమ్మితే పళ్ళెంలో పడిన చప్పుడు ఆవిడకు వినిపిస్తుంది. మింగేశాడు.

"నాకుంది బ్రోన్యా," అన్నాడు. ఆవిడ కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఆయన ఇలాంటి మాట అనలేదు. "నాకు లోటే. అయినా నువ్వు రాకు. మోకాళ్ళు బాగయ్యాకే రా."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఆవిడ ఫోన్ పెట్టేసేదాకా బల్ల చుట్టూ ఒక్కరూ గింజ ఉమ్మలేదు.