మా మోడెం పలికించిన మాస్టారు

మా పక్కింటి లెక్కల మాస్టారు పోయిన నెల కాలం చేశారు. తెల్లవారుజామున గుండెపోటు. ఎవరితోనూ ఒక్క మాట చెప్పే వ్యవధి కూడా దొరకలేదు. రామచంద్రపురంలో నా టైపు ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్ సెంటరుగా మారిందంటే అది ఆయన చలవే.

విండోస్‌కి బదులు, రిటైరయ్యాక పట్టుబట్టి నేర్చుకున్న ఉచిత లినక్స్‌ని మా కంప్యూటర్‌లో ఆయనే ఎక్కించారు. "దొంగ సీడీతో పిల్లలకి పాఠం మొదలెట్టకూడదమ్మా" అనేవారు. మాట బాగానే ఉంది, ఫోను లైనుకి ఇంటర్నెట్ కలిపే మా మోడెం మాత్రం లొంగలేదు. మోడెం పలకాలంటే దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం, డ్రైవర్, కావాలి. డ్రైవర్ ఇంటర్నెట్‌లో ఉంది. ఇంటర్నెట్ రావాలంటే మోడెం పలకాలి! మాస్టారు పడీపడీ నవ్వి, నెట్ సెంటర్‌లో ఫ్లాపీ మీదికి ఎక్కించుకొస్తానని రాజమండ్రి బస్సెక్కారు.

ఏ నంబరైనా అరచేతిలో రాసుకోవడం ఆయన అలవాటు. మా లినక్స్ వెర్షన్ నంబరూ అలాగే రాసుకున్నారు. కిక్కిరిసిన బస్సులో చెమటకి చివరి అంకె చెరిగిపోయింది. గుర్తున్నంతలో తెచ్చిన డ్రైవర్ వేరే వెర్షన్‌ది, మా దాంట్లో పనిచేయలేదు. మర్నాటి నుంచే ఇంటర్నెట్ క్లాసులని నేను ఊరంతా చెప్పుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

"ఇన్నేళ్లు పాఠాలు చెప్పారు, కాగితం మీద రాసుకోవాలని తెలీదాండీ?" అని పిల్లలందరి ముందూ అనేశాను.

"పొరపాటు నాదేనమ్మా. ఇంకో బస్సుంది" అన్నారాయన. భోజనం కూడా చేయకుండా మళ్లీ వెళ్లారు. సాయంత్రానికి మోడెం కీచుమంటూ పలికింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. నేను కాఫీ ఇచ్చాను గానీ, క్షమించమని అడగలేదు. రేపు అడుగుదాంలే అనుకుంటూ మూడేళ్లు గడిపేశాను. అంత మాట అనడానికి వచ్చిన నోరు, ఈ చిన్న మాటకి రాలేదు.

ఆయన పోయిన రోజు పొద్దున్న గోడ అవతల ఏడుపు విని పరుగెత్తాను. మాస్టారి భార్య ఫోను పట్టుకుని నిలబడి ఉన్నారు.

"కాకినాడలో అమ్మాయికి చెప్పాలమ్మా. ఫోనెత్తితే గరగరమంటోంది. ఆ కంప్యూటర్ సంగతేంటో చూడమ్మా."

ఇంట్లో ఉన్నది ఒకటే లైను, ఇంటర్నెట్ కలిసి ఉంటే బయటికి ఫోను పోదు. లోపలికెళ్లి చూస్తే మాస్టారి కంప్యూటర్‌లో కనెక్షన్ ఇంకా అలాగే ఉంది. నేను కొత్త కంప్యూటర్ కొన్నానని ముందురోజే ఆయనకు చెప్పాను. దాని మోడెం కోసం ఆయన పెట్టిన డ్రైవర్ ఇంకా దిగుతోంది. కొంచెమే మిగిలి ఉంది. గుమ్మంలో ఆవిడ ఎదురుచూస్తున్నారు. కనెక్షన్ తెంపేశాను. "క్షమించండి మాస్టారూ" అని ఆ తెరతో అని, భోరున ఏడ్చేశాను.

"టోను వచ్చిందమ్మా" అన్నారావిడ. అమ్మాయికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, ఆవిడ వేలు మొదటి అంకె మీదే ఆగిపోయింది.